టేపుకు లేని మొదటి అడుగు

జూన్ 6, 1983. సోమవారం

ఈ ఉదయం డాబా మీద ఆరేసిన తెల్ల జాకెట్టు తీస్తే క్లిప్పు పెట్టినచోట మాత్రం తెల్లగా ఉంది. అంగుళం వెడల్పు. మిగతాదంతా పోర్టు ఇనప ఖనిజం ఎర్రధూళి. ఆ అంగుళం కనిపించాకే తక్కినది ఎంత ఎర్రబడిందో తెలిసింది. అమ్మ మళ్లీ ఉతుకుతానంది. టైము లేదని దులిపి అదే వేసుకున్నాను.

ఇవాళ్టి నుంచి బయటికెళ్లి కొలతలు తీసే పని నాది. నెల రోజులుగా భీమశంకరరావు గారి ఆఫీసులో ఉత్తరాలకు నంబర్లు వేస్తూ కూర్చున్నాను. ఆయన భవనాలకు విలువ కట్టే మనిషి. నాకు ముందు కొలతలు తీసిన సత్యం స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. "నువ్వు వెళ్తావా అమ్మా?" అని సార్ అడిగితే తల ఊపాను. పదేళ్లు కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదువుకున్నాక తల ఊపడం బాగా వస్తుంది.

పని ఇది. వన్‌టౌన్ మెయిన్ రోడ్డులో కామరాజు గారికి ఒక పాత మేడ ఉంది. పై హాల్లో పడవల వాళ్ల సంఘం ఇరవై రెండేళ్లుగా ఆఫీసు పెట్టుకుని ఉంది. అద్దె తొంభై రూపాయలు. న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని ఆయన అద్దెల కోర్టుకు వెళ్లాడు. చుట్టుపక్కల మేడల్లో ఆఫీసు గదులు చదరపు అడుగుకు ఎంత పలుకుతున్నాయో మేము లెక్క తీసి రిపోర్టు ఇవ్వాలి. గదులు కొలవాలి, అద్దె రసీదులు చూడాలి, ఒకదాన్ని మరొకదానితో భాగించాలి.

టేపు దొరబాబు గారు ఇచ్చారు. ఆయన మా డ్రాఫ్ట్స్‌మన్. ఒక కాలు సరిగా లేదు, బల్ల దగ్గర నుంచి లేవరు. అది గుడ్డ టేపు. కొసన ఉండే ఇత్తడి కొక్కెం, దానితోపాటు మొదటి అడుగు ఎప్పుడో ఊడిపోయాయట. ఒకటి అంకె దగ్గరే టేపు మొదలవుతుంది. "మన టేపుకి గుండు కొట్టించేశామండి, అన్నవరంలో" అన్నారు. ఇంకా ఏవో చెబుతూనే ఉన్నారు. కాకినాడ, కిళ్లీ, సత్యం, టేపు. నేను తల ఊపుతూ నిలబడ్డాను. జాకెట్టు మీద ఎరుపు ఆయన చూస్తారేమోనని నా ధ్యాసంతా అక్కడే ఉంది.

జూన్ 8

మెట్లు ఎక్కడం, తలుపు దగ్గర నిలబడడం, ఇంట్లో అద్దం ముందు చెప్పుకున్న వాక్యం మళ్లీ చెప్పడం. "కొలతలు తీసుకోవడానికి వచ్చానండి." సగం మందికి నా మాట వినపడదు. రెండోసారి చెప్పేలోగా నవ్వుతారు.

ఇవాళ ఒక గుమాస్తా టేపు అవతలి కొన పట్టుకుని, పక్క గదివాడికి వినిపించేలా అన్నాడు. "బావా, గదికి జాకెట్టు కుడతందట పాప. సేతులు పొడుగు పెట్టమందామా, పొట్టి పెట్టమందామా?"

పక్క గదివాడు పొట్టివే చాలన్నాడు. నేను అంకె రాసుకుని బయటికి వచ్చాను. సత్యం కొలిచినప్పుడు వీళ్లు ఇలాగే మాట్లాడారా?

ఇవన్నీ పోర్టు సరుకు విడిపించే ఏజెంట్ల గదులు. పెద్ద హాలును చెక్కలతో అడ్డుగోడలు కొట్టి ముక్కలు చేశారు. ఒకే వడ్రంగి చేసినట్టు దాదాపు అన్నీ ఎనిమిది అడుగులకు ఏడు. టేపు తొమ్మిది చూపిస్తుంది, గోడ ఎనిమిది. నేను ఎనిమిదే రాస్తున్నాను. కొలతల పుస్తకంలో సిరాతో రాయాలి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టాలి. గోడ ఎనిమిదైతే తొమ్మిదని సిరాతో ఎలా రాస్తాను? ఏడో తరగతిలో ఒక లెక్క తప్పు రాస్తే సిస్టర్ ఆ పేజీ చింపనివ్వలేదు. ఏడాదంతా దాన్ని చూస్తూ ఉండాల్సి వచ్చింది.

జూన్ 11

ఎండ. పదకొండు గదులు. కూర్చోమన్నది ఇద్దరు.

జూన్ 14

అద్దె ఎంత అని అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఇంటాయన నలభై అంటాడు. అద్దెకున్నాయన ఇరవై అంటాడు. రసీదు మీద ఇరవై ఎనిమిది ఉంటుంది. నేను రసీదు చూపించేదాకా కదలను. నోరు తెరిచి అడగలేను కనక తలుపు దగ్గర నిలబడే ఉంటాను. చిరాకు పడి వాళ్లే చూపిస్తారు.

ద్వారకానగర్‌లో కొత్త బిల్డింగులకు స్టీలు ప్లాంటు కాంట్రాక్టర్లు అడుగుకు రెండేసి రూపాయలు ఇస్తున్నారట. ఆ మాట విని ఇక్కడ సున్నం రాలే గోడల వాళ్లు కూడా తలెత్తి నడుస్తున్నారు. కామరాజు గారికి హాలు ఎందుకు కావాలో ఇవాళ కింది కిళ్లీకొట్టులో విన్నాను. కలకత్తా కాంట్రాక్టరు ఒకాయన చూసి వెళ్లాడట. సంఘం వాళ్లు కట్టలేనంత అద్దె కోర్టు చేత వేయిస్తే చాలు, వాళ్లే పోతారు.

జూన్ 17

సంఘం హాలు చూశాను. కొలవక్కర్లేదు. ఇరవైకి ఇరవై నాలుగు అని అద్దె కాగితంలోనే రాసి ఉంది, రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఊరికే చూసి రమ్మని సార్ పంపారు.

కార్యదర్శి జగ్గయ్య ముసలాయన. ఆయన నాకు స్టూలు వేసి, దాన్ని తువ్వాలుతో తుడిచి కూర్చోమన్నాడు. నేను ఎవరి తరఫున వచ్చానో చెప్పాను. తెలుసన్నాడు. మజ్జిగ ఇచ్చాడు.

హాల్లో ఒక రేడియో, ఒక బీరువా, రెండు బెంచీలు. ఒక గోడకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నల్లరంగు పూసి బోర్డు చేశారు. సముద్రం మీదికి వెళ్లిన పడవల పేర్లు సుద్దముక్కతో రాసి ఉన్నాయి. పడవ తిరిగొస్తే ఆ ఇంటి ఆడమనిషి వచ్చి అరచేత్తో పేరు చెరపాలి. ఇంకెవరూ చెరపకూడదు. నేను ఉండగానే ఒకామె తట్ట మెట్ల మీద దించి వచ్చింది. పేరు చెరిపి, చెయ్యి చీరకు తుడుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లింది.

ఒక పేరు మాత్రం పాతది. చుట్టూ చెరిపిన మరకలు, మధ్యలో ఆ పేరు. దాని కిందే బెంచీ మీద కూర్చుని ఒకామె వల అల్లుతోంది. ఆమె పేరు నూకాలు. నేను గోడ మీది పడవ పేరు వంక చూడడం ఆమె చూసింది.

"అది మాది పాపా" అంది. "ఎనిమిదేళ్లయింది."

నేను అద్దె గురించి అడిగాను. సిగ్గుగా ఉంది ఇప్పుడు తలుచుకుంటే. జగ్గయ్య నెమ్మదిగా చెప్పాడు. "రెండొందల యాబై దాకా అయితే పడవకింత అని ఏసుకుంటాం. అది దాటితే నాను ఎవుల్ని అడగనమ్మా? ఎల్లిపోతాం."

"ఎల్దాం" అంది నూకాలు. "గోడని ఎవుడు మోస్తాడో సెప్పు. నువ్వు మోస్తావా?"

ఆయన నవ్వాడు. నేను మజ్జిగ తాగేసి గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను.

జూన్ 30

ముప్పై నాలుగు గదులు అయ్యాయి. పుస్తకం దొరబాబు గారికి ఇచ్చాను. ఆయన బొమ్మలు గీసి విస్తీర్ణం కడతారు, సార్ రేటు కడతారు.

ఇంట్లో పెన్సిలుతో నేనూ కట్టుకున్నాను. ఎనిమిది ఏడులు యాభై ఆరు. అద్దె ఇరవై ఎనిమిది. అడుగుకు అర్ధరూపాయి. కొన్ని గదులు అటూ ఇటూ, కానీ సగటు అదే. హాలు నాలుగు వందల ఎనభై అడుగులు. రెండు వందల నలభై.

రెండు వందల నలభై. జగ్గయ్య చెప్పిన దానికన్నా పది తక్కువ. రాత్రి అన్నం ఎక్కువ తిన్నానని అమ్మ అంది.

జూలై 9

రిపోర్టు టైపయి వచ్చింది. టైపుకు బయట ఇస్తారు, నేను చూడలేదు. ఇవాళ కామరాజు గారు వచ్చినప్పుడు సార్ ఆయనకు చదివి వినిపించారు. చదరపు అడుగుకు అరవై ఏడు పైసలు. హాలుకు నెలకు సుమారు మూడు వందల ఇరవై.

నాకు లెక్కలు రావేమో అనుకున్నాను. స్కూలు ఫైనల్లో లెక్కల్లో నాకు తొంభై రెండు.

కామరాజు గారు వెళ్తూ నా వైపు చూసి, "ఈ అమ్మాయేనా కొలిచింది? బాగా కొలిచింది" అన్నాడు. నేను తల ఊపాను.

జూలై 12

అడగలేదు.

జూలై 19

పదకొండు గంటలకు జగ్గయ్య ఆఫీసుకు వచ్చాడు. నూకాలు కూడా. వాళ్ల లాయరు రిపోర్టు నకలు ఇచ్చి చదివి చెప్పాడట. చెప్పులు కింద వదిలి మేడ మీదికి వచ్చి, సార్ గది గుమ్మం బయట నిలబడ్డారు. సార్ లోపలికి రమ్మనలేదు. ఆఫీసులో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేనూ కూర్చోమనలేదు. అది ఇప్పుడు రాస్తుంటే ఒళ్లు మండుతోంది.

జగ్గయ్య నేరుగా విషయం చెప్పాడు. పక్క మేడలో ఏజెంటు గది ఏడు అడుగులకు ఆరు అని కాయితంలో ఉందట. ఆయన వెళ్లి చూశాడు. "నా బార అయిదున్నర అడుగులు సార్. గోడకి సెయ్యి ఆనించి బార సాపితే ఇంకా మూర మిగిలింది. అడ్డమే ఏడడుగులు ఉన్నాది. ఆరని ఎలా రాసినారు?"

బార అంటే రెండు చేతులూ చాపితే వచ్చే పొడవు. వాళ్లు తాళ్లనూ వలలనూ నీటి లోతునూ దాంతోనే కొలుస్తారు. ఆయన మా గుమ్మంలో చేతులు చాపి చూపించాడు.

సార్ నవ్వారు. కోర్టులో బారలూ మూరలూ చెల్లవన్నారు.

"నాను నలబై ఏళ్లు సముద్రంలో లోతు కొలిసినోడ్ని" అన్నాడు జగ్గయ్య. గొంతు పెంచలేదు. "బార తప్పితే నాను ఇక్కడ ఉండను."

అప్పుడు నూకాలు నా వైపు తిరిగింది. "ఆ గదిలో ఏడడుగుల బల్ల గోడకీ గోడకీ పట్టి ఉన్నాది పాపా, దాని మీద గుమస్తా తొంగుంటాడు. ఆరడుగుల గదిలో ఏడడుగుల బల్ల ఎలాగెట్టినార్రా అంటే వోడు నవ్వుతున్నాడు. మీ టేపు గోడల్ని తినేత్తందేటి?"

సార్ నాతో, వీళ్లని కిందికి పంపించమ్మా అన్నారు. మెట్ల దాకా వెళ్లాను.  

జూలై 20

ముందుగా ఆఫీసుకు వెళ్లి కొలతల పుస్తకం, దొరబాబు గారి బొమ్మలు పక్కపక్కన పెట్టాను. నా పుస్తకంలో ఎనిమిది, ఏడు. బొమ్మలో ఏడు, ఆరు. నాది తొమ్మిదైతే ఆయనది ఎనిమిది. ముప్పై నాలుగు గదులూ అంతే.

నేను ఒకటి తీసేశాను. ఆయనా ఒకటి తీసేశారు. సత్యం టేపు చూపించింది చూపించినట్టే రాసేవాడట, ఈయన బల్ల మీద తీసేవారు. పదకొండేళ్లుగా వాళ్ల అలవాటు అది. పెద్ద హాళ్లకైతే అడుగు పోతే అంత తెలియదు. ఎనిమిదికి ఏడు గదిలో నాలుగోవంతు నేల పోతుంది. నేల తగ్గితే రేటు పెరుగుతుంది. అర్ధరూపాయి అరవై ఏడు పైసలైంది అందుకే. ఆ రేటును కొలత తగ్గని హాలు మీద వేశారు.

దొరబాబు గారు వచ్చాక చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఒకటి నువ్వు కూడా తీశావా అమ్మా?"

తీశానన్నాను. గోడ ఎంతో అంతే రాశానన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఎవరూ నాకు చెప్పలేదన్నాను.

ఆయన నా వంక కాసేపు చూశారు. తర్వాత బొమ్మల వంక చూశారు. ఇవాళ జోకులేమీ వెయ్యలేదు.

జూలై 21

సార్‌కు చెప్పాం. దొరబాబు గారే చెప్పారు, నేను పక్కన నిలబడ్డాను. పొరపాటు జరిగింది, దిద్ది మళ్లీ ఇద్దామన్నారు.

సార్ తలుపు వేశారు. అరవలేదు. అరిస్తే నయం. రిపోర్టు కోర్టులో దాఖలైపోయింది అన్నారు. ఇప్పుడు దిద్దితే, జూన్ నుంచి ఈ టేపుతో కొలిచినవన్నీ అడుగుతారు, రెండు బ్యాంకుల పని ఉంది అన్నారు. "కోర్టుకు కావాల్సింది ఒక అంకె అమ్మా. ఇచ్చాం. ఎక్కువనిపిస్తే వాళ్లే తగ్గిస్తారు. దానికే జడ్జిగారు ఉన్నారు."

నిజం తెలిసీ మరొకరు దిద్దుతారులే అని ఊరుకోవడం. ఏ బడిలో నేర్చుకుంటారు ఇది? ఆయన గోడ మీద దేవుడి పటం, ఇంజనీరింగు పట్టా, రెండింటికీ దండలు ఉన్నాయి. నూకాలు కూర్చునే గోడ ఆయన చూడను కూడా చూడలేదు. మనుషులు లేని అంకె ఆయనకు కావాలి.   కోపం ఇంత ఉంటుందని నాకు తెలియదు.

ఒక చిన్న మాట. కొత్త మనిషి చేతికి టేపు ఇచ్చేటప్పుడు ఒక చిన్న మాట చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఎవరూ నాకు చెప్పలేదు.

జూలై 25

ఎవరూ నాకు చెప్పలేదు.

ఆగస్టు 10

కొలతల పుస్తకంతో సహా నన్ను పిలిపించమని సంఘం లాయరు అర్జీ పెట్టాడు. కోర్టు ఒప్పుకుంది. సమను వచ్చింది. సార్ నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. మొదటిసారి. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు. పుస్తకంలో అంకెలు నీవేనా అంటే నావే అని చెప్పి దిగిపో అన్నారు. "నువ్వు తక్కువ మాట్లాడే పిల్లవి. నాకు దిగులు లేదు."

తక్కువ మాట్లాడేవాళ్లంటే అందరికీ ఇంత ధైర్యం ఎందుకో.

ఆగస్టు 24. బుధవారం

అమ్మకు చెప్పలేదు. అదే తెల్ల జాకెట్టు.

కోర్టు హాలు మా బళ్లో పరీక్షల హాలులా ఉంది, అంత శుభ్రంగా లేదు. జగ్గయ్య, నూకాలు వెనక నిలబడ్డారు. సార్, కామరాజు గారు ముందు బెంచీలో. బొమ్మలు పట్టుకుని దొరబాబు గారు గోడకు ఆనుకుని ఉన్నారు. ఆయన కాలికి అంతసేపు నిలబడడం కష్టం. ఎవరూ జరిగి చోటివ్వలేదు.

ప్రమాణం చేయించారు. సంఘం లాయరు నాకన్నా రెండు మూడేళ్లు పెద్దవాడు. పుస్తకంలో అంకెలు నీవేనా అని అడిగాడు. నావేనన్నాను. గట్టిగా చెప్పమ్మా అన్నారు న్యాయాధికారి. నావేనండి అన్నాను. గది పొడవు నీ పుస్తకంలో ఎనిమిదుంటే రిపోర్టులో ఏడు ఎందుకుంది అని అడిగాడు.

అడిగినదానికే జవాబు చెప్పాలి. అతను అదే అడిగాడు.

చెప్పాను. టేపుకు మొదటి అడుగు లేదని, నేను ఒకటి తీసి రాశానని, బల్ల మీద మళ్లీ ఒకటి తీశారని. ముప్పై నాలుగు గదులూ ఇరుకైపోయాయని, రేటు అర్ధరూపాయే అని. ఒక్కసారి మొదలుపెట్టాక ఆగలేదు.  నా గొంతు ఎదుటి గోడకు తగిలి తిరిగి రావడం వినిపించింది. న్యాయాధికారి టేపు తెప్పించి చూశారు. ఒకటి అంకెను వేలితో తడిమారు.

తర్వాత కామరాజు గారి లాయరు లేచాడు. పెద్దమనిషి, వెండి కళ్లజోడు. నవ్వుతూ అడిగాడు. "ఆఫీసులో ఇన్నేళ్ల పద్ధతి ఉంటే నీకు తెలియదా అమ్మా? ఎవరూ చెప్పలేదా? లేక ఈ సంఘం వాళ్ల మజ్జిగ తాగి ఇప్పుడు గుర్తొచ్చిందా?"

వెనక ఎవరో నవ్వారు.  మజ్జిగ సంగతి ఎలా తెలుసు ఇతనికి? నేను బోను చెక్క గట్టిగా పట్టుకున్నాను.

"ఎవరూ నాకు చెప్పలేదు" అన్నాను.

"డ్రాఫ్ట్స్‌మన్ కూడానా?"

"ఎవరూ చెప్పలేదండి."

ఈసారి గట్టిగా చెప్పమని ఎవరూ అనాల్సిన పని రాలేదు. గుమాస్తా అది రాసుకున్నాడు. నేను దొరబాబు గారి వైపు చూడలేదు. దిగేటప్పుడు కనిపించారు. కాలు మార్చి నిలబడ్డారు, అంతే.

బయట నూకాలు నా చెయ్యి పట్టుకుంది. వల అల్లి అల్లి గరుకైన వేళ్లు. "నోరున్నాదే నీకు" అంది. "ఇన్నాళ్లూ ఎక్కడ దాసినావే?"

ఆగస్టు 30

కోర్టు ఒక లాయరును పంపి గదులు మళ్లీ కొలిపించింది. కొత్త స్టీలు టేపు. ఎనిమిది, ఏడు. ప్రతిసారీ జగ్గయ్య తన బార కూడా చాపి చూసుకున్నాడట. సంఘం లాయరు చెప్పాడు.

సెప్టెంబరు 16. శుక్రవారం

ఉత్తర్వు వచ్చింది. చదరపు అడుగుకు యాభై పైసలు. నెలకు రెండు వందల నలభై రూపాయలు. కామరాజు గారు పైకోర్టుకు వెళ్తానంటున్నాడు. వెళ్లనీ.

సాయంత్రం సంఘానికి వెళ్లాను. ఎవరూ పండగ చెయ్యడం లేదు. నాలుగు పడవలు రావాల్సి ఉందట. నూకాలు సుద్దముక్క తీసుకుని, రంగు వెలిసిన తమ పడవ పేరు మీద మళ్లీ దిద్దుతోంది.

సెప్టెంబరు 18

దొరబాబు గారిని తీసేశారు.

నిన్న మధ్యాహ్నం సార్ ఆయనను పిలిచి, కోర్టు వాంగ్మూలం నకలు బల్ల మీద పెట్టారు. నా మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. బ్యాంకుల వాళ్లు సంజాయిషీ అడిగారట. సంజాయిషీ సిద్ధంగా ఉంది. డ్రాఫ్ట్స్‌మన్ కొత్త ఉద్యోగికి పద్ధతి చెప్పలేదు, ఆఫీసుకు సంబంధం లేదు, అతన్ని తొలగించాం.

నన్ను ఉంచుకున్నారు. నిజం చెప్పిన పిల్ల అని మెచ్చుకున్నారు కూడా. స్టీలు టేపు కొన్నారు. సున్నా దగ్గర మొదలవుతుంది.

ఎంత అన్యాయం. పొరపాటు తెలిసిన మర్నాడే ఆయన దిద్దుదామన్నారు. దిద్దనివ్వనిది సార్. తలుపు వేసింది సార్. ఒక అంకె చాలన్నది సార్. చివరికి బయటికి పోయింది కాలు సరిగా లేని మనిషి. పదకొండేళ్లు పాత టేపుతో పని చేయించి, కొత్తది కొనిపెట్టకుండా, ఆ టేపు తప్పు ఆయన మెడకు చుట్టారు. నా మాట కోసుకుని తెచ్చి ఆయన మీద వాడారు. నేను అన్నది దానికా? ఎవరి మీదా చెప్పలేదు నేను. ఉన్నది చెప్పాను. సార్‌కు ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు. ఉద్యోగం వదులుతానని కూడా రాశాను. ఇవ్వలేదు. రేపు ఇస్తాను.

సెప్టెంబరు 19

ఇవ్వలేదు.

సెప్టెంబరు 22

స్టీలు టేపు చల్లగా ఉంటుంది. చేతికి అలవాటు కావడం లేదు.

సెప్టెంబరు 25. ఆదివారం

అల్లిపురంలో దొరబాబు గారి ఇంటికి వెళ్లాను. జామపళ్లు తీసుకెళ్లాను. రెండు గదులు. డ్రాయింగు బల్ల వరండాలో ఉంది, ఇక నుంచి ఇంట్లోనే పని పట్టుకుంటారట. ప్లానులు గీయించుకునేవాళ్లు వస్తారు, నువ్వు దిగులు పడకు అని ఆయనే నాకు చెప్పారు. నేను సార్‌ను తిట్టాను. నాలుగు పేజీల ఉత్తరం సంగతి చెప్పాను. ఆయన వింటూ తమలపాకుకు సున్నం రాసుకున్నారు.

"కోర్టులో భలే మాట్లాడావమ్మా" అన్నారు. "నీకు అంత గొంతుందని నాకు తెలీదు. మా వెనక గోడ దాకా వినిపించింది."

ఆయన భార్య కనకరత్నం గారు కాఫీ తెచ్చారు. నా ముందే ఆయనను అడిగారు. "అదేంటండీ, నోరు మూస్తే నిద్రపోయినట్టే మీరు. అన్నీ వాగుతారు గదా, కొత్తమ్మాయికి ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

దొరబాబు గారు నా వంక చూడలేదు. ఆకు మడుస్తూ, "మర్చిపోయుంటానే" అన్నారు. "కాఫీ చల్లారిపోతోందమ్మా, తాగు."

తాగాను. గ్లాసు ఎక్కడ పెట్టాలో ఈసారీ తెలియలేదు.

ఇంటికి వచ్చి జూన్ ఆరు పేజీ తీసి చూశాను. కాకినాడ, కిళ్లీ, సత్యం, టేపు. అంతే రాశాను.

ఆయన టేపు నా చేతిలో పెడుతూ అన్నారు. "టేపు ఎంత చూపిస్తే అంతే రాసేయమ్మా. ఒకటి నువ్వు తియ్యొద్దు, బల్ల మీద నేను తీసుకుంటాను." రెండుసార్లు చెప్పారు. నేను తల ఊపాను.